ప్రాణహిత ఒడ్డు రాబందులు: వాటి తిండి, వాటి గూడు

(సుల్తానాబాద్ స్మారకోపన్యాస పాఠం)

భారతదేశంలో తొమ్మిది జాతుల రాబందులు ఉన్నాయి. వాటిలో అయిదు హిమాలయాలకో, ఉత్తరాది మైదానాలకో చెందినవి, లేదా చలికాలంలో మాత్రమే దిగువకు వలస వచ్చేవి. దక్కను పీఠభూమిలో ఏడాది పొడుగునా ఉండి, ఇక్కడే గూడు కట్టి పిల్లలను పెంచుకున్నవి నాలుగు. నడుము దగ్గర తెల్లని పట్టీ ఉండే తెల్లవీపు రాబందు, లేత రంగు ముక్కు కాస్త సాగినట్టుండే పొడవు ముక్కు రాబందు, తలా మెడా ఎర్రగా ఉండే రాజ రాబందు, ఒళ్లు తెల్లగా ముఖం పసుపుపచ్చగా ఉండే చిన్నపాటి తెల్ల రాబందు ఆ నాలుగు. పల్లెల్లో బోరువ అనీ, బోరువ గద్ద అనీ పిలిచింది వీటినే. ఊరి బయట గొడ్డు చచ్చిపడితే ఆకాశంలో సుడి తిరిగే ఈ పక్షులు పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పెద్దలకు కొత్తవి కావు. ముప్ఫై ఏళ్ల లోపు వయసున్నవారిలో మాత్రం వాటిని కళ్లారా చూసినవారు బహు కొద్దిమంది.

ఈ ఉపన్యాసం ప్రధానంగా పొడవు ముక్కు రాబందును గురించి. సుల్తానాబాద్‌కు ఈశాన్య దిక్కున, గగన మార్గాన సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో, పూర్వపు ఆదిలాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, అంటే నేటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట మండలంలో, మురళిగూడ దగ్గర పాలరాపు గుట్ట అనే నిట్టనిలువు రాతి చరియ ఉంది. పెద్దవాగుకు ఎదురుగా, అది ప్రాణహితలో కలిసే చోటికి చేరువగా ఉన్న ఆ చరియ మీద పొడవు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకొని ఉన్నాయన్న సంగతి 2013లో అటవీ శాఖ దృష్టికి వచ్చింది. తెలంగాణలో ఈ జాతి ఇక లేదని దాదాపుగా నిర్ధారణకు వచ్చిన రోజుల్లో అది చిన్న వార్త కాదు. అక్కడి పక్షుల బతుకు ఆ గుట్ట మీద ఎంత ఆధారపడి ఉందో, ఆ గుట్టను ఎన్నడూ చూడని సుల్తానాబాద్, పెద్దపల్లి, మంథని ప్రాంతాల పశువుల కొట్టాల మీద కూడా అంతే ఆధారపడి ఉందని చూపడం ఈ ప్రసంగ ఉద్దేశం. రాబందు ఎలా తింటుందో, ఎలా పిల్లలను పెంచుతుందో వివరంగా తెలుసుకుంటే ఈ సంబంధం దానంతట అదే బోధపడుతుంది.

రాబందు వేటాడదు. దాని గోళ్లు గద్ద గోళ్లలాగా పట్టి చంపడానికి పనికివచ్చేవి కావు. మొద్దుగా, నేల మీద నడవడానికి అనువుగా ఉంటాయి. తనంత తానుగా చచ్చిన జంతువో, పులి తిని వదిలిన మిగులో దాని ఆహారం. అటువంటి ఆహారం ఎప్పుడు ఎక్కడ దొరుకుతుందో ముందుగా తెలియదు కనుక, రాబందు శరీరమంతా ఒకే అవసరం చుట్టూ తయారైంది: అతి తక్కువ శ్రమతో అతి ఎక్కువ నేలను వెతకడం. అయిదారు కిలోల బరువుండే పొడవు ముక్కు రాబందు రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మీటర్లు దాటుతుంది. ఆ వెడల్పాటి రెక్కలను అది తరచుగా ఆడించదు. పొద్దెక్కి, రాతి గుట్టలూ బీడు భూములూ వేడెక్కిన తరువాత, వాటి మీది గాలి తేలికై పైకి లేస్తుంది. ఇలా నిలువుగా లేచే వేడిగాలి స్తంభాలను ఆంగ్లంలో థర్మల్స్ అంటారు. రాబందు ఒక స్తంభంలోకి చేరి గుండ్రంగా తిరుగుతూ వందల మీటర్ల ఎత్తుకు లేచి, అక్కడి నుంచి రెక్క కదల్చకుండా జారుతూ తరువాతి స్తంభాన్ని అందుకొంటుంది. ఈ విధంగా ఒక్క పగటిలో నూరు కిలోమీటర్లు, అవసరమైతే అంతకు మించి కూడా తిరిగి రాగలదు. తెల్లవారగానే రాబందులు ఎగరకపోవడానికీ, మబ్బు పట్టిన రోజుల్లో చరియ మీదనే రెక్కలు ముడుచుకొని కూర్చోవడానికీ కారణం ఇదే.

చచ్చిన జంతువును రాబందు వాసన పట్టి కనుగొంటుందన్న నమ్మకం విస్తారంగా ఉంది. అమెరికా ఖండంలోని కొన్ని రాబందుల విషయంలో అది నిజమే గాని, ఆసియా, ఆఫ్రికా, ఐరోపాల రాబందులు కంటి చూపు మీదనే ఆధారపడతాయి. అంతేగాక, అవి నేలను ఎంత శ్రద్ధగా చూస్తాయో ఒకదాన్నొకటి అంత శ్రద్ధగా చూసుకొంటాయి. ఆకాశంలో కిలోమీటర్ల ఎడంతో పరుచుకొని తిరుగుతున్న పక్షుల్లో ఒకటి కళేబరాన్ని చూసి కిందికి దిగడం మొదలుపెడితే, దాని పక్కనున్నది ఆ దిగుడును గమనించి అటు తిరుగుతుంది. దాన్ని చూసి ఇంకొకటి, దాన్ని చూసి మరొకటి. కాకులు, గద్దలు, ఊరకుక్కలు చేరే చోటును కూడా అవి పైనుంచి కనిపెడుతూనే ఉంటాయి. అరగంట ముందు ఒక్క పక్షి కూడా లేని ఆకాశం నుంచి పదుల కొద్దీ రాబందులు వాలడం వెనుక ఉన్న రహస్యం ఇంతే. ఈ సామూహిక వెతుకులాట వల్ల ఏ ఒక్క పక్షికి అదృష్టం పట్టినా అది గుంపంతటికీ దక్కుతుంది. ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. తరువాత జరిగిన వినాశనానికి ఇదే దారి చూపింది.

కళేబరం చుట్టూ చేరిన పక్షుల మధ్య ఒక పని విభజన కనిపిస్తుంది. బలమైన ముక్కున్న రాజ రాబందు మందమైన తోలును చీల్చగలదు. అది గుంపుగా తిరగదు, ఒకటో జంటగానో వచ్చి తోలు, నరాలు, కండ చివరలు లాగి తింటుంది. పొడవు ముక్కు, తెల్లవీపు రాబందులకు కొత్త తోలును చీల్చడం కష్టం కనుక, చాలాసార్లు కళ్లు, నోరు, పృష్ఠభాగం వంటి మెత్తని చోట్ల నుంచి మొదలుపెట్టి, వెంట్రుకలూ ఈకలూ దాదాపుగా లేని తమ పొడవాటి మెడను డొక్కలోకి దూర్చి, కాలేయం, పేగులు, మెత్తని కండను బయటికి లాగుతాయి. ఆ మెడ మీద దట్టమైన ఈకలు ఉంటే నెత్తురూ కొవ్వూ అంటుకొని కుళ్లిపోయేవి. బోడి మెడ కడుక్కోవడానికి సులువు, ఎండకు త్వరగా ఆరుతుంది, ఒంటి వేడిని తగ్గించుకోవడానికి కూడా పనికివస్తుంది. నాలుక అంచుల వెంట వెనక్కి తిరిగిన సన్నని ముళ్లు ఉంటాయి. జారిపోయే మాంసపు ముక్కను అవి గొంతు వైపు నెడతాయి. తెల్ల రాబందు, కాకులు చుట్టుపక్కల చెదిరిన తునకలను ఏరుకొంటాయి. బుసలు, కీచుమనే అరుపులు, రెక్కల తోపులాటతో నిండిన ఆ విందు చూడటానికి గలాటాలా ఉన్నా చాలా వేగంగా ముగుస్తుంది: పెద్ద గుంపు చేరితే ఒక గొడ్డు గంట తిరగకముందే ఎముకల గూడుగా మిగులుతుంది.

తిన్నదాన్ని రాబందు మొదట మెడ అడుగున ఉండే ఆహారపు సంచిలో నింపుకొంటుంది. ఆ సంచిలో కిలో వరకు మాంసం పడుతుంది. అలా నిండిన పక్షి వెంటనే ఎగరలేదు. నేల మీద కొంత దూరం పరుగెత్తి, అవస్థపడి లేస్తుంది, లేదా దగ్గరి చెట్టు మీదనో రాతి మీదనో గంటల తరబడి కూర్చుంటుంది. మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియని తిండి కనుక, ఒకసారి దొరికినప్పుడు కడుపారా తిని కొన్ని రోజుల పాటు ఉపవాసం ఉండగలిగే శక్తి దానికి ఉంది. దాని జీర్ణాశయంలోని ఆమ్లం అతి తీవ్రమైనది. పశువులకు దొమ్మరోగం తెచ్చే ఆంత్రాక్స్ క్రిమి వంటి ప్రమాదకరమైన వాటిని కూడా రాబందు హాని పొందకుండా మింగగలదు. తిన్న తరువాత రాబందులు నీటి దగ్గరకు వెళ్లి తాగుతాయి, లోతు లేని చోట దిగి స్నానం చేస్తాయి, ఒడ్డున రెక్కలు చాచి ఆరబెట్టుకొంటాయి. మురికి పక్షి అన్న పేరు దీనికి న్యాయం చేసేది కాదు. పాలరాపు గుట్ట కింద పెద్దవాగు, పక్కనే ప్రాణహిత ఉండటం ఆ పక్షుల ఎంపికలో చిన్న విషయం కాదు.

దక్కను పల్లెల్లో రాబందుకు తిండి అడవి కంటే ఎక్కువగా ఊరే పెట్టింది. నాగలికీ బండికీ ఎడ్లు, పాడికి బర్రెలు, ఎరువుకు ఆవుల మందలు ఉన్న రోజుల్లో ప్రతి ఊరికీ చచ్చిన పశువులను వేసే చోటు ఒకటి ఉండేది. తోలు పని చేసే కుటుంబాలు చర్మాన్ని ఒలుచుకొనేవి. ఒలిచిన కళేబరం రాబందులకు సులువైన తిండి అయ్యేది. ఎముకలను ఏరి అమ్ముకొనేవారు తరువాత వచ్చేవారు. ఎవరూ కూర్చొని రాసుకొని చేసిన ఏర్పాటు కాదిది. అయినా తరాల తరబడి నడిచింది, ఊరికి ఖర్చు లేకుండా నడిచింది. ఆ ఏర్పాటులో అతి కష్టమైన, అతి తక్కువ గౌరవం దక్కిన పని చేసినవారిని, వారితో పాటు పనిచేసిన పక్షిని సమాజం ఒకే విధంగా దూరం పెట్టిందన్నది కూడా ఇక్కడ చెప్పవలసిన మాటే. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గాక, ముసలి పశువులను సంతలో అమ్మివేయడం, చచ్చినదాన్ని గోతిలో పూడ్చడం పెరిగాక రాబందుల తిండి కొంత తగ్గిన మాట నిజం. కాని అవి అంతరించడానికి తిండి కొరత కారణం కాదు.

ఇక గూడు సంగతి. తెల్లవీపు రాబందు పెద్ద చెట్ల మీద, మర్రి, రావి, చింత వంటి వాటి కొనకొమ్మల్లో గూడు కడుతుంది. ఊళ్ల పక్కన, చెరువు కట్టల మీద ఒకే చెట్టుపై అనేక గూళ్లు ఉండటం ఒకప్పుడు సాధారణం. పొడవు ముక్కు రాబందు చెట్టును సాధారణంగా ఎంచుకోదు. దానికి కావలసింది రాతి చరియ: మనిషీ పిల్లీ కోతీ సులువుగా చేరలేని ఎత్తు, గూడు పట్టేంత మెట్టు, పైనుంచి వాన పడకుండా రాతి చూరు, ఎదురుగా గాలి పైకి లేచే ఖాళీ. మధ్యప్రదేశ్‌లోని ఓర్ఛాలో ఈ పక్షులు పాత రాజుల సమాధి మందిరాల గోపురాల మీద గూళ్లు కట్టాయి. వాటి దృష్టిలో అవి కూడా చరియలే. ఏళ్ల తరబడి వాడిన మెట్ల కింద రెట్టలు కారి, నల్లని రాతి మీద పొడవాటి తెల్లని చారలు ఏర్పడతాయి. దూరం నుంచి కొలనీని, అంటే ఒకే చోట గుంపుగా గూళ్లు కట్టుకొనే స్థావరాన్ని, గుర్తుపట్టడానికి పరిశీలకులు మొదట చూసేది ఆ చారలనే. పాలరాపు గుట్ట ముఖాన అవి స్పష్టంగా కనిపిస్తాయి.

గూటి పని వానలు వెనుకబట్టి చలి మొదలయ్యే వేళకు ఆరంభమవుతుంది. జంట పక్షులు పుల్లలు, కొమ్మ ముక్కలు తెచ్చి పాత గూటినే బాగు చేసుకొంటాయి. లోపల పచ్చి ఆకులు పరుస్తాయి. జంటలు ఏళ్ల తరబడి కలిసి ఉంటాయి, అదే మెట్టుకు మళ్లీ మళ్లీ వస్తాయి. ఆడ పక్షి పెట్టేది ఒకే ఒక్క గుడ్డు. తల్లీ తండ్రీ వంతులవారీగా సుమారు ఏడెనిమిది వారాలు పొదుగుతాయి. ఒకటి గుడ్డు మీద కూర్చుంటే రెండోది ఆకాశంలో తిండి వెతుకుతుంది. పిల్ల బయటికి వచ్చాక దానికి మాంసాన్ని ముక్కున కరిచి తేవు. ఆహారపు సంచిలో నింపుకొని వచ్చి, గూటి దగ్గర కక్కి, మెత్తబడిన దాన్ని నోటికి అందిస్తాయి. పిల్ల ఎగరగలిగే స్థితికి రావడానికి దాదాపు నాలుగు నెలలు పడుతుంది, అంటే అది మొదటిసారి రెక్క విప్పేసరికి ఎండలు ముదురుతాయి. ఎగరడం వచ్చిన తరువాత కూడా కొంతకాలం పెద్దల మీదనే ఆధారపడుతుంది. అది పెద్దదై తానొక గుడ్డు పెట్టడానికి నాలుగైదేళ్లు కావాలి.

ఈ లెక్క చాలా సన్నని దారం మీద నిలిచిన లెక్క. ఒక జంట ఏడాదికి ఒక్క పిల్లను మించి ఇవ్వలేదు. గాలివానకు గుడ్డు జారినా, కింద రాళ్లు పేల్చే చప్పుడుకు పెద్ద పక్షి గూడు విడిచినా ఆ ఏడాది అంతే. ఇంత నెమ్మదిగా పుట్టే జాతి నిలబడాలంటే పెద్ద పక్షులు దీర్ఘకాలం బతకాలి, ఏటా నూటికి అయిదుకు మించి చావకూడదు. ఎలుకకూ పిచ్చుకకూ వచ్చిన కష్టం రెండేళ్లలో పూడుకుపోతుంది. రాబందుకు వచ్చినది ఒక తరం దాటినా పూడదు. పైగా, పిల్లను పెంచే నెలల్లో జంటలో ఒకటి చస్తే, రెండోది గూడు విడవలేక, విడవక తప్పక, చివరికి పిల్లను కూడా పోగొట్టుకొంటుంది.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ జాతీయ ఉద్యానంలో రాబందులు తగ్గిపోతున్నాయని విభు ప్రకాశ్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు 1990ల రెండవ భాగంలో గుర్తించి, 1999లో ఆ పరిశీలనలను ప్రచురించాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన ఆయన చూసిన పక్షులు చెట్ల మీద కూర్చొని తల వేలవేసి, రోజుల తరబడి అలాగే ఉండి, కింద పడి చచ్చేవి. 1990ల తొలినాళ్లలో రోడ్ల వెంట వాహనాల నుంచి చేసిన లెక్కలను తరువాత అదే దారుల్లో మళ్లీ చేయగా, 1992 నుంచి 2007 వరకు దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గినట్టు తేలింది. పొడవు ముక్కు రాబందు, ఉత్తరాదిలో ఉండే దాని దగ్గరి బంధువైన సన్నముక్కు రాబందు కలిపి 97 శాతానికి దగ్గరగా తగ్గాయి. ప్రపంచంలో ఏ పెద్ద పక్షీ ఇంత విస్తారమైన ప్రాంతంలో ఇంత వేగంగా కూలిపోయిన దాఖలా అరుదు. 2000లోనే ఈ జాతులను అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం అత్యంత ప్రమాదంలో ఉన్నవాటిగా ప్రకటించింది.

మొదట అందరూ అంటువ్యాధిని అనుమానించారు. చచ్చిన పక్షులను కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద, మూత్రపిండాల మీద సున్నం చల్లినట్టు తెల్లని పొర కనిపించేది. అది యూరిక్ ఆమ్లం. పక్షుల్లో శరీర వ్యర్థం ఈ రూపంలోనే మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. మూత్రపిండాలు ఆగిపోతే అది నెత్తుట్లో పేరుకొని అవయవాల మీద గడ్డకడుతుంది. ఈ స్థితిని విసెరల్ గౌట్ అంటారు. మూత్రపిండాలు ఎందుకు ఆగిపోతున్నాయన్న ప్రశ్నకు జవాబు 2004లో వచ్చింది. పాకిస్తాన్‌లో పనిచేసిన లిండ్సే ఓక్స్ బృందం, ఈ లక్షణంతో చచ్చిన 25 రాబందులను పరీక్షిస్తే అన్నిటిలోనూ డైక్లోఫెనాక్ అనే మందు అవశేషాలు కనిపించాయి. ఇతర కారణాలతో చచ్చిన 13 పక్షుల్లో ఒక్కదానిలోనూ కనిపించలేదు. మనుషుల కీళ్ల నొప్పులకు ఇచ్చే అదే మందును పశువులకు జ్వరం, కుంటు, పొదుగువాపు వచ్చినప్పుడు సూదిగా వేసేవారు. చవకగా దొరికేది, పశువు త్వరగా లేచి మేసేది. కోలుకోలేక ఒకటి రెండు రోజుల్లో చచ్చిన పశువు ఒంట్లో మాత్రం ఆ మందు మిగిలి ఉండేది. ఆ కాస్త మోతాదే రాబందు మూత్రపిండాలను కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల్లో చంపివేసేది.

అయితే దేశంలో చచ్చే పశువులన్నిటికీ చావుకు ముందు ఈ సూది పడదు కదా, నూటికి తొంభైతొమ్మిది రాబందులు ఎలా పోయాయి అన్న సందేహం సహజం. శాస్త్రజ్ఞులు గణితంతో దానికి చెప్పిన జవాబు దిగ్భ్రాంతి కలిగించేది: రాబందులకు అందే కళేబరాల్లో వందకు ఒకటి కంటే తక్కువ విషపూరితమైనా చాలు, అంత పతనం జరిగిపోతుంది. ఇక్కడే ముందు చెప్పిన అలవాట్లన్నీ వచ్చి కలుస్తాయి. ఒకదాన్ని చూసి ఒకటి దిగే పక్షులు కనుక, మందు మిగిలిన ఒక్క గొడ్డు చుట్టూ ఆ చుట్టుపక్కలి గుంపంతా చేరుతుంది. రెండు మూడు రోజులకొకసారి తిని, ఏడాది పొడుగునా ఊరూరా తిరిగే పక్షి ఎప్పుడో ఒకప్పుడు అలాంటి గొడ్డు దగ్గరకు చేరక తప్పదు. కాలేయం, మూత్రపిండాలు వంటి మెత్తని లోపలి భాగాలనే అది ముందు తింటుంది, మందు ఎక్కువగా మిగిలేది కూడా అక్కడే. ఒక్క గుడ్డు పెట్టే జంట ఆ నష్టాన్ని పూడ్చలేదు. ఆంత్రాక్స్‌ను జీర్ణం చేసుకొన్న కడుపు ఒక నొప్పి మందుకు లొంగిపోయింది. రాబందు చేసిన తప్పు ఇందులో ఏదీ లేదు. వేల ఏళ్లుగా తనను బతికించిన పద్ధతిలోనే అది తిన్నది.

భారత ప్రభుత్వం పశువుల వైద్యంలో డైక్లోఫెనాక్‌ను 2006లో నిషేధించింది. దానికి బదులుగా మెలాక్సికామ్ అనే మందు రాబందులకు హాని చేయదని దక్షిణాఫ్రికాలోనూ, హర్యానాలోని పింజోర్‌లోనూ జరిపిన పరీక్షల్లో రుజువైంది. ఆ తరువాత టోల్ఫెనామిక్ ఆమ్లం కూడా సురక్షితమని తేలింది. నిషేధం కాగితం మీద ఉన్నా, మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడటం ఆగలేదు కనుక, 2015లో ఆ సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు తగ్గించారు. రాబందులకు ప్రమాదకరమైన కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను పశువుల వాడకం నుంచి 2023లో, నిమెసులైడ్‌ను 2024 డిసెంబరు చివర తొలగించారు. ఒక మందును ఆపితే దానికి దగ్గరి చుట్టమైన ఇంకొకటి ఆ చోటులోకి వచ్చి చేరడం, దాన్ని ఆపడానికి మళ్లీ ఏళ్లు పట్టడం ఈ చరిత్రలో బాధ కలిగించే భాగం. పింజోర్‌లో 2001 నుంచి నడుస్తున్న కేంద్రంలో రాబందులను బోనులో పెంచి పిల్లలు తీస్తున్నారు. హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోనూ ఇటువంటి ప్రయత్నం జరిగింది. బోనులో పెరిగిన పక్షులను వదలాలన్నా వాటిని వదిలే ఆకాశం కింద ఉన్న పశువులు సురక్షితంగా ఉండాలి.

గూటిని కాపాడితే చాలదనడానికి కర్ణాటకలోని రామనగరం ఉదాహరణ. రామదేవర బెట్ట అనే రాతి గుట్టల ప్రాంతాన్ని 2012లో పొడవు ముక్కు రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. చరియలు భద్రంగానే ఉన్నాయి, చట్టం కాపలా ఉంది. అయినా అక్కడి పక్షులు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే మిగిలాయి. పక్షి గూడు అభయారణ్యంలో ఉంది గాని, అది తినే పశువు అభయారణ్యంలో లేదు.

పాలరాపు గుట్ట దగ్గర తెలంగాణ అటవీ శాఖ చేసిన పని ఈ కారణం చేతనే గమనించదగినది. చుట్టుపక్కల గ్రామాల యువకులను కాపలాదారులుగా పెట్టి గూళ్లనూ పిల్లలనూ గమనించడం, పశువుల యజమానులతో మాట్లాడటం, హానికరమైన మందు లేని కళేబరాలను గుట్టకు సమీపంలో రాబందుల కోసం ఉంచడం వంటి చర్యలు అక్కడ చేపట్టారు. ప్రాణహితకు అవతలి ఒడ్డున మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలోనూ అటవీ శాఖ రాబందులకు తిండి పెట్టే చోట్లను నడిపింది. నది రెండు రాష్ట్రాలకు హద్దు గాని రాబందుకు కాదు. ఈ ఒడ్డున గూడున్న పక్షి ఆ ఒడ్డున తినవచ్చు, కాబట్టి రెండు శాఖలూ ఒకే లెక్కను పంచుకోవడం న్యాయం. తాడోబా నుంచి కవ్వాల్ వైపు పులులు నడిచే దారి కూడా ఈ అడవుల మీదుగానే పోతుంది. పులి చంపి సగం తిన్న జంతువులో పశువుల మందు ఉండే అవకాశం తక్కువ కనుక, పులి తిరుగుతున్న అడవి రాబందుకు నమ్మకమైన వంటిల్లు.

ఆ వంటింట్లోనూ ఒక ప్రమాదం పొంచి ఉంది. పశువును పులి చంపినప్పుడు కోపంతో, దుఃఖంతో కొందరు ఆ కళేబరం మీద పురుగుల మందు చల్లుతారు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో పులులు చనిపోయినప్పుడు ఇటువంటి విషప్రయోగం అనుమానం మీద అరెస్టులు కూడా జరిగాయి. పులి కోసం పెట్టిన విషాన్ని గుంపుగా తినే రాబందులు తింటే, ఒక్క పూటలో ఒక కొలనీ మొత్తం ఖాళీ కావచ్చు. పశువు పోయిన రైతుకు నష్టపరిహారం ఆలస్యం లేకుండా చేతికి అందడం పులికి ఎంత రక్షణో రాబందుకు అంతకంటే ఎక్కువ రక్షణ. గుట్టల విషయం కూడా ఇక్కడ ఒక మాట. కరీంనగర్ చుట్టూ గ్రానైటు కోసం ఎన్ని గుట్టలు కోతకు గురయ్యాయో ఈ ప్రాంతం వారికి ఎవరూ చెప్పనక్కర లేదు. పొడవు ముక్కు రాబందులు మళ్లీ పెరిగి కొత్త చరియలు వెతుక్కొనే రోజు వస్తే, గోదావరికి ఈ పక్కన వాటికి నిట్టనిలువు రాయి ఎక్కడ మిగిలి ఉంటుందన్నది ఇప్పుడే ఆలోచించవలసిన విషయం.

రాబందు పోవడం వల్ల మనిషికి కలిగిన నష్టాన్ని కూడా లెక్కగట్టారు. కుళ్లే కళేబరాల మీద కుక్కలు పెరిగాయి, వాటితో పాటు కుక్కకాటూ రేబిస్ భయమూ పెరిగాయి, నీటి వనరులు కలుషితమయ్యాయి. ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికవేత్తలు 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రాబందులు ఎక్కువగా ఉండి తరువాత కోల్పోయిన జిల్లాల్లో 2000 నుంచి 2005 వరకు అదనంగా సుమారు 5 లక్షల మంది చనిపోయారు. ఆ అంకె మీద వాదం ఉండవచ్చు. ఊరికి ఖర్చు లేకుండా జరిగిపోయిన ఒక పని ఆగిపోతే దాని వెల ఎవరో చెల్లించక తప్పలేదన్నది మాత్రం కాదనలేనిది.

సుల్తానాబాద్ ధాన్యపు మిల్లుల పట్టణం. దాని చుట్టూ ఉన్న ఊళ్లలో ఇప్పటికీ బర్రెలు, ఆవులు, గొర్రెల మందలు ఉన్నాయి. మధ్యాహ్నపు వేడిగాలి మీద ఒక పూట ప్రయాణం చేస్తే ప్రాణహిత ఒడ్డు రాబందు ఈ ఊళ్ల మీది ఆకాశానికి చేరగలదు. అందువల్ల ఈ సభలో ఉన్న పశుపోషకులకు, గోపాలమిత్రలకు, మందుల దుకాణదారులకు ఒక విన్నపం. పశువుకు జ్వరమో, కుంటో, పొదుగువాపో వచ్చి నొప్పి తగ్గించే సూది వేయవలసి వచ్చినప్పుడు, సీసా మీది పేరు చదివి మెలాక్సికామ్ లేదా టోల్ఫెనామిక్ ఆమ్లం అడగాలి. మనుషుల డైక్లోఫెనాక్‌ను పశువుకు ఇవ్వకూడదు, ఇమ్మని అడిగినవారికి అమ్మకూడదు. ఏ మందు పడిందో తెలియని పశువు చస్తే దాన్ని బయట పారవేయకుండా లోతుగా పూడ్చాలి. పులి చంపిన పశువు మీద మందు చల్లకుండా వెంటనే అటవీ శాఖకు కబురు పెట్టాలి. గుట్టల మీదనో, పొలాల మీదనో బోడి మెడ, చాచిన పెద్ద రెక్కలున్న పక్షి కనిపిస్తే దాని దగ్గరకు పోకుండా, చూసిన చోటు, తేదీ రాసి దగ్గరలోని అటవీ కార్యాలయానికి అందజేయాలి.